మూడు బొట్ల కార్డు

నిన్న మధ్యాహ్నం హోట్గి రోడ్డు వైపు నుంచి ఒకాయన సోలాపూర్‌లో మా ఇంటికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. మా మనవరాలు తన కంప్యూటర్‌లోంచి తీసి అమ్మకానికి పెట్టిన పాత గ్రాఫిక్స్ కార్డు చూడడానికి వచ్చాడు. కొడుకు కోసం అన్నాడు. కార్డును చేతిలోకి తీసుకున్న తీరు చూస్తే, కొడుకు వంతు రావడానికి చాలా కాలం పట్టేటట్టు ఉంది. మనవరాలు పనికి వెళ్లింది కాబట్టి చూపించే బాధ్యత నా మీద పడింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఫ్యాను రెక్కల్ని వేలితో తోసి చూశాడు. వెనక మూలన ఎర్రచుక్క ఒకటి కనిపిస్తే గోటితో గీరబోయాడు.

"ఇదేం గుర్తు ఆజోబా, కంపెనీదా?" అని మరాఠీలో అడిగాడు. ఆజోబా అంటే తాత.

అది కంపెనీ గుర్తు కాదు. కుంకుమలో మగ్గం నూనె కలిపి వేలితో పెట్టిన బొట్టు. పెట్టిన మనిషి పోయి ఇంకా రెండు నెలలు కాలేదు.

ఆయన పేరు రాయను. రేషను కార్డు మీద ఏదో పేరు ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. మా సందుల్లో అందరికీ జాబర్ కాకా. జాబర్ అంటే మరమగ్గాలు, మా మాటలో సాంచలు, బాగుచేసేవాడు. నాకంటే రెండేళ్లు చిన్న. కార్ఖానాలో అడుగుపెడితే నన్ను సేఠ్‌జీ అనేవాడు, గడప దాటితే బావా అనేవాడు. రెండే మగ్గాలున్న మనిషిని సేఠ్‌జీ అనడంలో ఎగతాళి ఉందేమోనని నేను చాలా ఏళ్లు కనిపెట్టి చూశాను. లేదు. ఇరవై మగ్గాలవాడికీ రెండు మగ్గాలవాడికీ ఆయన దగ్గర ఒకటే మర్యాద, ఒకటే జవాబు. ఆ జవాబు సంగతి తర్వాత చెబుతాను. ఆ జవాబు మీద నాకు ముప్ఫై ఏళ్ల కోపం ఉంది.

నలభై ఏళ్లు మగ్గాల మధ్య బతికిన మనిషికి చెవులు మిగలవు. ఆయనకూ మిగల్లేదు. పెళ్లాం పిలిచినా వినపడేది కాదు, బస్సు హారన్ కొట్టినా వినపడేది కాదు. కానీ జేబులో ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ ఉండేది. దాని మొనను తిరిగే యంత్రానికి ఆనించి, పిడిని పళ్లమధ్య కరిచిపట్టి, కళ్లు మూసుకునేవాడు. మనకు గోల తప్ప ఏమీ వినిపించని చోట ఆయనకు ఏ బుష్ అరిగిందో, ఏ పన్ను విరగబోతోందో తెలిసిపోయేది. పిడి నిండా పంటిగాట్లు. పై పళ్లు రెండు ఊడిపోయాక పక్కపళ్లతో కరవడం నేర్చుకున్నాడు.

ఒకసారి ఆయనకు జ్వరం వస్తే నేనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు ఈయన ఛాతీ మీద గొట్టం పెట్టి వింటున్నాడు. ఈయన మెల్లగా స్క్రూడ్రైవర్ తీసి, డాక్టరు బల్ల మీది ఫ్యానుకు ఆనించి వింటున్నాడు. కొంతసేపటికి ఇద్దరూ తలలు ఊపారు. డాక్టరు మందులు రాశాడు. ఈయన లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "బుష్ పోయింది సాబ్, జెర మార్పించుండ్రి" అన్నాడు. ఎవరు ఎవరికి ఫీజు ఇవ్వాలో నాకు ఇప్పటికీ సందేహమే.

చప్పుడు చేయని యంత్రాన్ని ఆయన నమ్మేవాడు కాదు. "సప్పుడు చేసే మషీన్ ముసలి అత్త లెక్క బావా. యాడ నొస్తున్నదో పొద్దుందాక చెప్తనే ఉంటది. మనకు భయం లేదు. ఏం చెప్పనిదాంతోనే కష్టం" అనేవాడు. ఆయన మాత్రం ఏమీ చెప్పేవాడు కాదు.

మగ్గం బాగుచేసిన తర్వాత ఆయనకు ఒక ఆనవాయితీ ఉండేది. కార్ఖానాలో దేవుడి పటం దగ్గర కుంకుమ తీసుకుని, నూనె అంటిన చేత్తోనే దాన్ని తడిపి, మగ్గం చట్టం మీద ఒక బొట్టు పెట్టేవాడు. నూనె కుంకుమ ఒకసారి ఇనుముకు అంటితే పోదు. మా సందుల్లో ఆయన బొట్టు లేని మగ్గం ఉండేది కాదు. అలాగే ఆయనకు ఒక కట్టుబాటు. ఒక కార్ఖానా మాట ఇంకో కార్ఖానాకు మోయడు. పొద్దున ఒక షెడ్డు, మధ్యాహ్నం ఇంకోటి తిరిగే మనిషికి ఎవరు ఏ చద్దరు నమూనా నేస్తున్నారో, ఎవరి దగ్గర నూలు అయిపోయిందో అన్నీ తెలుసు. ఒకరి నమూనా నాలుగు రోజుల్లో ఇంకొకరి మగ్గం మీద ప్రత్యక్షమయ్యే ఊరు మాది. ఆయన నోరు విప్పితే సగం కార్ఖానాలు కొట్టుకు చచ్చేవి. అందుకే అందరూ ఆయన్ను లోపలికి రానిచ్చేవాళ్లు.

ఇక నా సంగతి. ముప్ఫై ఏళ్ల కిందట నేను ఒకరి దగ్గర నేయడం మానేసి సొంతంగా రెండు మగ్గాలు కొనాలనుకున్నాను. కుంఠా నాకా దగ్గర ఒక కార్ఖానాలో పాతవి రెండు అమ్ముతున్నారని తెలిసింది. పోయి చూశాను. ఒకదాని చట్టం మీద ఐదు బొట్లు, ఇంకోదాని మీద ఏడు. నా ఆనందం చెప్పలేను. జాబర్ కాకా ఇన్నిసార్లు బొట్టు పెట్టాడంటే ఎంత మంచి మగ్గాలై ఉండాలి అనుకున్నాను. నాలుగో తరగతి దాటకపోయినా గ్రంథాలయంలో మూడు భాషల పేపర్లు చదివి లోకం తెలుసుకున్నాననే పొగరు నాది. ఎక్కువ బొట్లంటే ఎక్కువసార్లు చెడిపోయిందని చదువు రానివాడికి కూడా తోచి ఉండేది. నాకు తోచలేదు.

అయినా జాగ్రత్త కోసం ఆయన్నే పిలుచుకుపోయాను. స్క్రూడ్రైవర్ పళ్లకు పెట్టి రెండు మగ్గాలూ విన్నాడు.

"నడుస్తయా?" అని చెవిలో అరిచాను.

"నడుస్తయి సేఠ్‌జీ."

ఇదీ ఆ జవాబు. కొన్న మొదటి నెలలోనే ఏడు బొట్ల మగ్గం క్రాంకు షాఫ్టు వంకర బయటపడింది. బాగుచేయడానికి మళ్లీ ఆయనే వచ్చాడు. ఆ షాఫ్టు అంతకుముందు రెండుసార్లు కాల్చి సాపు చేసింది తనేనని పని చేసే చేతుల తీరులోనే తెలిసిపోయింది. నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఆ కార్ఖానా మాట నాకెందుకు" అని ఎనిమిదో బొట్టు పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడకూడదనుకున్నాను. కానీ ఆ మగ్గాల రోగం తెలిసినవాడు ఊళ్లో ఆయనొక్కడే. పదకొండేళ్లు నేను తిడుతూనే ఉన్నాను, ఆయన బాగుచేస్తూనే ఉన్నాడు. నా తిట్లు ఒక్కటీ ఆయనకు వినపడలేదు. ఇంత దండగ కోపం ఎవరికీ ఉండకూడదు.

తర్వాత మగ్గాల కాలం పోయింది. నావీ పోయాయి, నాకు అమ్మినవాళ్లవీ పోయాయి. కుంఠా నాకా కార్ఖానాలో పెద్దాయన పోయి కొడుకు సేఠ్ అయ్యాడు. అతను మగ్గాలన్నీ పీకి పాత ఇనుము కింద భంగార్‌కు అమ్మి, ఆ జాగాలో ఇనుప అరలు పెట్టించి, అరల నిండా గ్రాఫిక్స్ కార్డులు బిగించాడు. ఒక్కో కార్డుకు రెండేసి ఫ్యాన్లు. ఫ్యాన్లు ఉన్నాయి కాబట్టి జాబర్ కాకాను తీసేయలేదు. పెళ్లాం పోయాక ఆయన ఆ షెడ్డు మూల గదిలోనే పడుకునేవాడు, కాపలా కూడా ఆయనే.

నేను పని మీద పోయినట్టు పోయి, ఆయన్ను షెడ్డు గుమ్మం బయట పట్టుకుని అడిగాను. "ఇప్పుడేం నేస్తున్నరు?"

"లెక్కలు."

"ఎవరి లెక్కలు?"

"ఎవరికి తెల్వదు బావా. లెక్క కుదిరితే నాణెం పుడ్తదంట."

"ఏదీ, చూపియ్యి."

"కనపడదంట."

"మరి కరెంటు బిల్లు?"

"అది కనపడ్తది" అన్నాడు.

ఎన్ని కార్డులున్నాయి, ఎవరికి అమ్ముతారు అని అడిగితే స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఏడాదిన్నర ఆ అరలు ఒక్కరోజు సుట్టీ లేకుండా తిరిగాయి. మగ్గానికైనా వారానికొక రోజు విశ్రాంతి ఉండేది. ఆ తర్వాత, పేపర్లలో క్రిప్టో అని రాసే ఆ కనపడని నాణేల ధర పడిపోయిందని సేఠ్ కార్డులన్నీ అమ్మేశాడు. షెడ్డు గోదాము అయింది. జాబర్ కాకా కాపలా మిగిలింది, గది మిగిలింది. ఆ వయసులో ఆయనకున్నవి ఆ రెండే.

మా మనవరాలి సంగతి ఇక్కడే మొదలవుతుంది. ఆ పిల్ల చద్దర్ల నమూనాలు కంప్యూటర్ మీద గీసే చోట పనిచేస్తుంది. ఎవరో పారేసిన ఆఫీసు కంప్యూటర్ ఒకటి తెచ్చి, ఒక్కో సామాను మార్చుకుంటూ ఇంట్లో తనకొక యంత్రం తయారు చేసుకుంది. ఎందుకమ్మా అంటే, "ఆటలు ఆడుకోవడానికే తాతా. చదువుకని అబద్ధం చెప్పమంటవా?" అంది. ఆటకు ఇంత ఇనుమా, ఇంత కరెంటా అని నాకు ఒళ్లు మండింది. తాను ఏడాదిగా పగారులోంచి కూడబెట్టుకున్నది మొత్తం ఒక్క గ్రాఫిక్స్ కార్డు మీద పెడతానంటే ఇంకా మండింది. కొత్తది కొనే శక్తి లేదు, పాతది వెతుకుతానంది. చెడిపోయింది తగిలితే ఇంకో ఏడాది ఆగాలి.

జాబర్ కాకా ప్రతి ఆదివారం మా ఇంటికి చాయ్‌కి వచ్చేవాడు. నన్ను చూడడానికి అనుకునేవాణ్ని. ఆయన వచ్చేది ఆ కంప్యూటర్ కోసం. మూత తీసిన డబ్బా ముందు ఇద్దరూ బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లు. ఆ పిల్ల చెవిలో అరిచి ఒక్కొక్కటీ చెప్పేది, ఈయన దాన్ని తన భాషలోకి తిప్పుకునేవాడు.

"ఇది మదర్‌బోర్డు కాకా."

"సాంచ చట్టం. అన్ని దీనికే బిగిస్తరు. ఇదేంది?"

"ర్యామ్. పని చేసేటప్పుడు కావాల్సినవి దీంట్ల పెట్టుకుంటది."

"నూలు కండెల డబ్బా. చేతికి అందేటట్టు ఎన్ని పెట్టుకుంటే అంత నయం. లేకుంటే లేసి పోవాలె, తెచ్చుకోవాలె. మరి నువ్వు కొంటా అనేది?"

"బొమ్మలన్ని వేసేది అదే. గ్రాఫిక్స్ కార్డు."

ఆయన చేత్తో పైకి చూపించాడు. "మీద కూసునే జకార్డు. బట్ట నేసేది సాంచ, పువ్వు ఏసేది జకార్డు. మోటర్ ఎంతది నీది?"

మోటర్ అంటే కరెంటు అందించే పెట్టె, పవర్ సప్లై. ఆ పిల్ల చెప్పింది. తాను కొనాలనుకుంటున్న కార్డుకు ఎంత కావాలో ఆయనే అడిగి చెప్పించుకున్నాడు. వేళ్ల మీద లెక్కపెట్టి తల అడ్డంగా ఊపాడు.

"జకార్డు కొనేటోడు మొదలు మోటర్ చూసుకోవాలె బిడ్డా. గుంజలేక మోటర్ కాలినంక పువ్వేముంటది, పొగుంటది."

పవర్ సప్లై మార్చాలంటే కార్డుకు పెట్టుకున్న దాంట్లో కొంత దానికే పోతుంది. ఆ పిల్ల మొహం మాడ్చుకుంది. తర్వాత ఆదివారం కొత్త పవర్ సప్లై తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చేత్తో ఎత్తి, బరువు చూసి, "ఆఁ, ఇది మోటర్" అన్నాడు. ఆ తర్వాత డబ్బాలో కార్డుకు జాగా ఎంతుందో కొలిచాడు. ఆ పిల్ల దగ్గర టేపు ఉంది. ఈయనకు జాన ఉంది. ఒక జాన, నాలుగు వేళ్లు. టేపు కంటే తన జాన మీదే ఆయనకు నమ్మకం.

ఆ కొలత చేతిలో పట్టుకుని ముగ్గురం బజారుకు పోయాం. పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే దుకాణం. దుకాణదారు మర్యాదస్తుడే, ఆజోబా అంటూ ఇద్దరికీ కుర్చీలు వేశాడు. లోపలి నుంచి ఒక పెద్ద కార్డు తెచ్చాడు. పూనాలో ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో ఉండేదట, రోజుకు నాలుగు గంటలకు మించి నడవలేదట, ఆదివారం సెలవట. మా మనవరాలు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. సరిగ్గా తాను వెతుకుతున్న కార్డే. తాను పెట్టగలిగిన ధరే. జాబర్ కాకా జాన పెట్టి కొలిచాడు, సరిపోయింది. నేను వెనక్కి తిప్పాను.

మూలన మూడు ఎర్రచుక్కలు. ఒకదాని పక్కన ఒకటి.

"ఇవేంది?" అని అడిగాను.

"కంపెనీ పాస్ చేసిన గుర్తు ఆజోబా. మూడుసార్లు పరీక్ష చేస్తేనే మూడు చుక్కలు పడతాయి" అన్నాడు దుకాణదారు. అబద్ధం చెబుతున్నట్టు లేదు. తనకు తానే అలా అర్థం చెప్పుకుని ఉంటాడు. ఎవర్ని తప్పుపట్టగలను, ముప్ఫై ఏళ్ల కిందట నేనూ అలాగే చెప్పుకున్నాను.

కార్డును ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మగ్గం నూనె వాసన. జాబర్ కాకా వైపు చూశాను. ఆయన దుకాణం కప్పుకేసి చూస్తున్నాడు.

నేను చెప్పవచ్చు. ఈ కార్డు పూనాది కాదు, కుంఠా నాకా షెడ్డుదని, ఏడాదిన్నర ఊపిరి పీల్చకుండా నడిచిందని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆ మనిషి నోటితో వినాలనుకున్న మాట ఒకటుంది, ఇప్పుడైనా చెబుతాడా అని చూస్తున్నాను. నా మనవరాలి ఏడాది కష్టం బల్ల మీద పెట్టి నేను నా పాత కోపాన్ని పరీక్షిస్తున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

దుకాణదారు కార్డును తన కంప్యూటర్‌కు తగిలించాడు. తెర మీద ఏవో కొండలు, నీళ్లు తిరిగాయి. జాబర్ కాకా స్క్రూడ్రైవర్ తీసి ఫ్యాను పక్కన ఆనించి, పిడి కరిచిపట్టి కళ్లు మూసుకున్నాడు. దుకాణదారు కంగారుగా లేచాడు. నేను చేత్తో ఆపి, వంగి ఆయన చెవిలో అరిచాను.

"నడుస్తదా?"

కళ్లు తెరిచాడు. నా మొహంలోకి ఒకసారి చూశాడు. నేను ఎందుకు అడుగుతున్నానో ఆయనకు తెలుసు.

"నడుస్తది" అన్నాడు.

నా ఒళ్లంతా మంట పుట్టింది. అదే మాట, అదే మొహం. మనవరాలు అప్పటికే సంచిలో చెయ్యి పెట్టింది. పెట్టి, ఆగింది. ఆయన పక్కకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని చెవిలో అడిగింది.

"కాకా, ఇది నీ ఇంటికైతే తీసుకుంటవా?"

"నాకు ఇల్లేడిది బిడ్డా."

"ఉంటే."

ఆయన స్క్రూడ్రైవర్‌ను చొక్కాకు తుడిచాడు. ఒక పక్క తుడిచాడు, తిప్పి ఇంకో పక్క తుడిచాడు. యాభై ఏళ్లలో ఆయన్ను ఎవరూ అలా అడిగి ఉండరు. సేఠ్‌లందరూ నడుస్తదా అన్నారు. ఆయన నడుస్తది అన్నాడు.

"తీసుకోను" అన్నాడు.

దుకాణదారు నవ్వాడు. "ఆజోబా, మీకేం తెలుసు దీని గురించి?"

"నాకే తెలుసు. ఆ మూడు బొట్లు పెట్టింది నేనే. ఎడమ ఫ్యాను రెండుసార్లు, కుడిది ఒకసారి. నూనె కూడ నాదే. కుంఠా నాకాల కింది నుంచి రెండో అరల ఉండె ఇది. సుట్టీ లేకుంట నడిసింది. ఎండాకాలం ముట్టుకుంటే చెయ్యి కాలేది."

దుకాణదారు నవ్వు ఆపి కంప్యూటర్ కట్టేశాడు. జాబర్ కాకా మొహంలో ఏదో దొంగతనం చేసి బయటపడ్డ మనిషి బెదురు కనిపించింది. యాభై ఏళ్లు కాపాడుకున్న కట్టుబాటు ఒక ఆటల డబ్బా కోసం తెంపాడు. నా పొట్టకూటి మగ్గాలు కొన్నప్పుడు తెరుచుకోని నోరు, కొండలూ నీళ్లూ తిరిగే బొమ్మల కోసం తెరుచుకుంది. నాకు సంతోషించాలో తిట్టాలో తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆపుకోలేక అడిగాను. "నా సాంచలప్పుడు ఏమైంది నీ నోరు?"

రెండుసార్లు అరవాల్సి వచ్చింది. ఆటో డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు.

"నువ్వేం అడిగినవ్ బావా? నడుస్తయా అన్నవ్. పదకొండేండ్లు నడిచినయ్ గదా" అన్నాడు. స్క్రూడ్రైవర్ జేబులో దోపుకుని, "నిన్ను భయపెట్టాలనిపించలే. అప్పటికే కొబ్బరికాయ తెచ్చుకున్నవ్ నువ్వు, సంచిల" అన్నాడు.

కొబ్బరికాయ సంగతి నేను మరిచిపోయాను. ఎవరు నాకు ఏం జవాబు చెప్పారో ముప్ఫై ఏళ్లూ గుర్తుపెట్టుకున్నవాణ్ని, నేను ఏం అడిగానో ఒక్కరోజూ గుర్తు చేసుకోలేదు. కుంఠా నాకా దగ్గర ఆటో ఆపించి, నేనే దిగి ఆయన్ను గది దాకా దింపి వచ్చాను.

దుకాణదారు ఆ సాయంత్రమే సేఠ్‌కు ఫోన్ చేసి ఉంటాడు. మూడో రోజు సేఠ్ మర్యాదగానే చెప్పాడట, గోదాముకు తాళం చాలు, కాపలా అక్కర్లేదని. నేను పోయేసరికి జాబర్ కాకా గది ఊడ్చి పెట్టాడు. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప. నేను సేఠ్‌ను నాలుగు మాటలు అని వస్తానన్నాను. "ఊకో బావా. ఆ కార్ఖానా మాట నేను మోసిన. ఆయన తప్పేముంది" అన్నాడు. తన కొలమానం తనకే పెట్టుకుని తీర్పు చెప్పుకున్నాడు. ఊరి బయట కుంభారిలో, బీడీలు చుట్టేవాళ్లకు కట్టిన కాలనీలో ఆయన కూతురుకు ఇల్లు వచ్చింది. అక్కడికి పోయాడు.

పది రోజులకు ఒక కాలేజీ లెక్చరర్ ఇంట్లో ఇంకో కార్డు దొరికింది. జాబర్ కాకా కుంభారి నుంచి బస్సులో వచ్చాడు. కార్డు వెనక ఏ బొట్టూ లేదు. స్క్రూడ్రైవర్‌తో విన్నాడు. మా మనవరాలు అదే ప్రశ్న మళ్లీ అడిగింది. "తీసుకుంట" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. చప్పుడు మరీ తక్కువగా ఉందని మాత్రం ఒక సణుగుడు సణిగాడు. కార్డు బరువుకు ఒక పక్క వాలుతోందని, పడుగు నూలు నాలుగు పోగులు పేని, డబ్బా పైచట్టానికి వేలాడదీసి ముడి వేశాడు. దాని కోసం బజారులో ఏదో ఇనుప ఊత అమ్ముతారట. మా మనవరాలు కొననేలేదు. ఏడాది తర్వాత కుడి ఫ్యాను గరగరమంటే వచ్చి, ఒక చుక్క నూనె వేసి, మా దేవుడి పటం దగ్గర కుంకుమ తీసుకుని బొట్టు పెట్టిపోయాడు.

కుంభారికి నేను ఒకసారి పోయాను. ఇల్లు బాగుంది, గాలి బాగుంది. ఆయన ఇంట్లో లేడు. నీళ్లట్యాంకు దగ్గర మోటరు గది గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఇంత పెద్ద కాలనీల మషీన్ ఇదొక్కటే బావా. పొద్దున గంట తిరుగుతది" అన్నాడు. ఆ గంట కోసం మిగతా పొద్దంతా అక్కడే కూర్చునేవాడని కూతురు చెప్పింది.

ఆయన పోయిన పదోనాటి కర్మకు పోతే కాలనీలో నీళ్లు రాలేదు. మోటరు బుష్ పోయిందట. మార్పించండని ఆయన చచ్చిపోకముందే నలుగురికి చెప్పాడట, ముసలాయన ఏదో అంటున్నాడులే అని వాళ్లు పట్టించుకోలేదట. స్నానాలకు ట్యాంకరు వచ్చేవరకు అందరం ఎండలో నిలబడ్డాం. నాకు నవ్వు వచ్చింది. కూతురు చూసి, తనూ నవ్వింది.

ఇప్పుడు మా మనవరాలికి మళ్లీ కొత్త కార్డు కావలసి వచ్చింది. పాతదాన్ని తీయడానికి ఆ నూలుముడి విప్పబోతే ఆ పిల్లకు చేతకాలేదు. కత్తెర తీసుకుంది. నేను కత్తెర లాక్కుని, గోళ్లతో విప్పి ఇచ్చాను. ఆ పోగులు కొత్త కార్డుకు కట్టింది. పాత కార్డు అమ్మకానికి పెట్టింది. అలా వచ్చాడు ఆ హోట్గి రోడ్డు మనిషి.

గుర్తు సంగతి అడిగాక, నేను జవాబు వెతుక్కునేలోగా రెండో ప్రశ్న కూడా వేశాడు.

"నడుస్తదా ఆజోబా?"

ఒక్క మాట చాలు. యాభై ఏళ్లు సోలాపూర్ మొత్తం ఆ ఒక్క మాట మీదే నడిచింది. నేను కూర్చోమన్నాను. ఆ బొట్టు ఏమిటో చెప్పాను. కుడి ఫ్యాను ఒకసారి చెడిందని, లోపల వేసింది మగ్గం నూనె అని, ఎండాకాలం తలుపు మూసుకుంటే వేడెక్కుతుందని, వెనక ఒక స్క్రూ మర అరిగిందని, ఒక పక్కకు వాలుతుందని, నూలుతో కట్టుకోవాలని, పవర్ సప్లై సరిపోతుందో లేదో ముందు చూసుకోమని, అన్నీ చెప్పాను. ఆయన వింటూ వింటూ కార్డును మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"నేను అడిగింది నడుస్తదా అనే కదా" అన్నాడు, కొంచెం నొచ్చుకుని.

"నడుస్తది" అన్నాను.

ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తానని వెళ్లాడు. చేయలేదు, చేయడు. సాయంత్రం మనవరాలు వచ్చి, జరిగింది విని, నెత్తి పట్టుకుంది. "ఎవరన్న అట్ల అమ్ముతరా తాతా?"

కార్డు ఇప్పుడు అలమరలో టవల్‌లో చుట్టి ఉంది. ఆ హోట్గి రోడ్డు మనిషి అన్నీ తిప్పి చూశాడు, నేను చెప్పినవన్నీ విన్నాడు. మీ ఇంటికైతే తీసుకుంటారా అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే తీసుకుంటాననే చెప్పేవాణ్ని.